గుమ్మెట మోగిన ఐదేళ్ళు

బుర్రకథ అంటే మా పిల్లలకి తెలిసింది ఒక్కటే. స్కూల్ యానివర్సరీలో ముగ్గురు పిల్లలు తలపాగాలు చుట్టుకుని, పరిశుభ్రత గురించో మొక్కలు నాటడం గురించో చెప్పే పది నిమిషాల ఐటమ్. మా తరానికి ఇంకాస్త తెలుసు. రేడియోలో విన్నాం, శ్రీరామనవమి పందిట్లో చూశాం, కుటుంబ నియంత్రణ ప్రచారానికి జీపులో వచ్చిన దళాలనీ చూశాం. బి.ఏ.లో జానపద కళారూపాల పాఠంలో బుర్రకథకి ఒక పేజీ ఉండేది. కథకుడు ఒకరు, వంతలు ఇద్దరు, వాయిద్యాలు ఇవీ అని రాసేసి ఐదు మార్కులు తెచ్చుకునేవాళ్ళం.

ఈమధ్య రెండు పుస్తకాలు ఒకదాని వెంట ఒకటి చదివాను. ఒకటి షేక్ నాజర్‌గారి జీవితకథ 'పింజారి'. ఆయన చెబుతుంటే అంగడాల వెంకటరమణమూర్తిగారు రాసింది. రెండోది కొండపల్లి కోటేశ్వరమ్మగారి ఆత్మకథ 'నిర్జన వారధి'. ఇద్దరూ ఒకే సంస్థలో పాడినవాళ్ళు. ఆ సంస్థ ప్రజానాట్యమండలి. దాని గురించి నాటకరంగ చరిత్రల్లో, పార్టీ చరిత్రల్లో చాలానే ఉంది. ఎన్ని నాటకాలు వేశారు, ఎవరు రాశారు, ఎప్పుడు నిషేధం వచ్చింది అన్నీ దొరుకుతాయి. ఈ రెండు పుస్తకాలు చదివాక మాత్రం నాకు వేరే ప్రశ్న పట్టుకుంది. వీళ్ళంతా రాత్రుళ్ళు ఊళ్ళమ్మట తిరిగి పాడుతుంటే, ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారు? పాట ఆగిపోయిన రోజు వీళ్ళు ఏం తిన్నారు? ఇల్లు చూసుకునేదాన్ని కాబట్టి నాకు అలాంటి ప్రశ్నలే వస్తాయేమో.

ముందు ఆ రోజులు ఎలాంటివో చెప్పాలి. 1943. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. కిరసనాయిలు కంట్రోలు, బట్ట కంట్రోలు. బెంగాల్‌లో కరువు. అందులో దాదాపు 30 లక్షల మంది చనిపోయారని చరిత్రకారుల అంచనా. బియ్యం లేకపోవడం ఒక కారణమైతే, ఉన్న బియ్యం మనుషులకి అందే ధరలో లేకపోవడం అంతకన్నా పెద్ద కారణం. ఆ ఏడాది మే నెలలో బొంబాయిలో ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్ పుట్టింది. అందరూ ఇప్టా అంటారు. రచయితలు, పాటగాళ్ళు, నటులు కలిసి కరువు గురించి, యుద్ధం గురించి, స్వాతంత్ర్యం గురించి జనానికి జనం భాషలో చెప్పాలని పెట్టుకున్న సంస్థ. అదే ఏడాది మన దగ్గర ఆంధ్ర ప్రజానాట్యమండలి వచ్చింది. దాన్ని నడిపించిన మనిషి డాక్టర్ గరికపాటి రాజారావుగారు. రాజమండ్రిలో పుట్టిన ఈయన చదువుకున్నది వైద్యం, మనసంతా నాటకం మీద.

అప్పటికి తెలుగునాట నాటకం అంటే పద్యనాటకం. హార్మోనియం, రంగురంగుల తెరలు, టిక్కెట్టు, రాగం తీస్తే వన్స్‌మోర్లు. పొలం నుంచి వచ్చి అలిసిపోయిన కూలి మనిషి ఆ టిక్కెట్టు కొని ఆ పద్యం వినడం ఎక్కడ కుదురుతుంది? అందుకని వీళ్ళు పల్లెల్లో అప్పటికే ఉన్న కళలు వెతికి పట్టుకున్నారు. కోలాటం, వీధిభాగవతం, సుద్దులు, జముకుల కథ. వీటన్నిటిలోకీ బాగా అతికినది జంగం కథ నుంచి వచ్చిన బుర్రకథ.

ఎందుకు అతికిందో చూడండి. దానికి స్టేజీ అక్కర్లేదు. నాలుగు బల్లలు, ఒక పెట్రోమాక్స్ లైటు చాలు. తెరలు లేవు, సామాను బండి లేదు. ముగ్గురు మనుషులు, ఒక తంబుర, రెండు గుమ్మెటలు. సైకిళ్ళ మీద కూడా ఊరు మారిపోవచ్చు. కథకుడు రంగు అంగీ తొడుక్కుని, తలపాగా పెట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టి, భుజాన తంబుర, వేళ్ళకి అందెలు వేసుకుని ముందుకీ వెనక్కీ అడుగులు వేస్తూ కథ చెబుతాడు. పక్కన ఇద్దరు వంతలు తందాన అంటూ అందుకుంటారు. ఒక వంత హాస్యగాడు. వినేవాళ్ళలో ఎవరికైనా రాగల తెలివితక్కువ సందేహం అతనే అడిగేస్తాడు. రెండో వంత రాజకీయం చెప్పేవాడు. కథ పల్నాటి యుద్ధం గురించి నడుస్తుంటే, మధ్యలో ఆపి ఈ ఊళ్ళో కిరసనాయిలు ఎందుకు దొరకట్లేదో, దొరికేది ఎవరి కొట్లో దాచారో మాట్లాడతాడు. అసలు కథ పాతదే, వింటున్న సంగతి ఇవాళ్టిది. ఎక్కడ ఏ మాట అనాలో ఆ ఊరిని బట్టి మార్చుకోవచ్చు. చదువు రాని వాళ్ళకి అదే పత్రిక.

ఇక నాజర్‌గారు. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో ఒక నిరుపేద ముస్లిం కుటుంబంలో పుట్టారు. దూది ఏకే దూదేకుల వాళ్ళు. వాళ్ళనే పింజారి అంటారు. మన ఇళ్ళల్లో ఎవర్నైనా చులకన చేయాలంటే 'పింజారీ వెధవ' అంటుంటారు కదా, ఆ మాట ఒక వృత్తి చేసుకునే మనుషుల పేరని ఎంతమంది ఆలోచించి ఉంటారు? ఆ పేరే ఆయన జీవితకథకి పేరయింది. చిన్నప్పుడు నాటకాల్లో ఆడవేషాలు వేశారు. నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్యగారి దగ్గర శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు. గురువు ఇంట్లో అన్నం పెడితే సరి, లేకపోతే పస్తే అన్నట్టు సాగే చదువులవి. పొట్ట గడవడానికి మిషను మీద బట్టలు కుట్టారు, పిల్లలకి పాటలు నేర్పారు. ఆ గొంతుని గుర్తించి కమ్యూనిస్టు పార్టీ వాళ్ళు బుర్రకథ దళంలోకి తీసుకొచ్చారు.

ఆయన చేసిన పని గురించి ఒక్కమాటలో చెప్పాలంటే, జంగం కథకి శాస్త్రీయ సంగీతం నేర్చిన గొంతునీ, నాటకాల్లో ఆడవేషాలు వేసిన ముఖాన్నీ ఇచ్చారు. 'బెంగాల్ కరువు' కథ రాసి ఊరూరా చెప్పారు. 'పల్నాటి యుద్ధం' చెబుతూ బాలచంద్రుడి తల్లి ఏడుపు దగ్గరికి వచ్చేసరికి తనే తల్లి అయిపోయేవారట. అల్లూరి సీతారామరాజు కథ ఆయనకి జీవితమంతా తోడు వచ్చింది. సుంకర సత్యనారాయణగారి లాంటి వాళ్ళు బుర్రకథలు రాసిచ్చేవారు. వాటిని దళాలు నేర్చుకుని తలో వైపూ వెళ్ళేవి. ఒక దళం నేర్పితే ఇంకో దళం తయారయ్యేది.

ఇప్పుడు ఆడవాళ్ళ సంగతికి వస్తాను. నన్ను ఎక్కువగా ఆపింది ఇక్కడే.

1940లలో మంచి కుటుంబం అనిపించుకున్న ఇంటి ఆడపిల్ల నలుగురి ముందు పాడటం అంటే ఇంటి పరువు పోయినట్టే లెక్క. సురభి వాళ్ళ సంగతి వేరు, వాళ్ళు కుటుంబమంతా నాటకం మీదే బతికేవాళ్ళు. మిగతా నాటకాల్లో ద్రౌపది అయినా సత్యభామ అయినా మగవాళ్ళే. స్థానం నరసింహారావుగారి సత్యభామని మనవాళ్ళు ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. అలాంటి రోజుల్లో మోటూరి ఉదయంగారు గజ్జె కట్టి, తంబుర పట్టుకుని ఆడవాళ్ళ బుర్రకథ దళాన్ని నడిపారు. మగవాళ్ళు మాత్రమే చేసే చిందు, ఆ అరుపు, ఆ ఎకసెక్కం, అన్నీ ఆడవాళ్ళ నోట. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తిగారి భార్య సీతారత్నంగారు భర్తతో పాటు నాటకాల్లో వేషాలు వేశారు.

మా అత్తగారి అమ్మగారిది తెనాలి వైపు పల్లె. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఆవిడ ఆడవాళ్ళ బుర్రకథ ఒక్కసారి చూశారట. అదీ వీధిలో కూర్చుని కాదు, పక్కింటి డాబా మీద పిట్టగోడ చాటు నుంచి. మర్నాడు బావి దగ్గర అందరూ ఆ కథకురాలి గురించి తలోమాటా అన్నారట. సిగ్గులేదని ఒకరు, మొగుడు ఎలా పంపాడని ఇంకొకరు. "నేనూ అన్నానే తల్లీ, అనకపోతే నన్ను అంటారని. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆడదానికి అంత గొంతు ఉంటుందని నాకు తెలీదు" అన్నారు మా అత్తగారితో. ఆవిడ ఆ తర్వాత ఏ సంఘంలోనూ చేరలేదు. కూతుర్ని మాత్రం పట్టుబట్టి ఎస్.ఎస్.ఎల్.సి. దాకా చదివించారు. ఈ రెంటికీ సంబంధం ఉందని ఆవిడ ఎప్పుడూ చెప్పలేదట. మా అత్తగారు మాత్రం ఉందనే అంటారు.

కోటేశ్వరమ్మగారి కథ ఇంకా లోతైనది. 1918లో కృష్ణా జిల్లా పామర్రులో పుట్టారు. ఊహ తెలియని వయసులో పెళ్ళి చేశారు, బొమ్మలతో ఆడుకునే వయసులోనే వితంతువు అయ్యారు. తర్వాత కొండపల్లి సీతారామయ్యగారితో పునర్వివాహం. ఆ రోజుల్లో వితంతువుకి మళ్ళీ పెళ్ళి అంటే ఊరంతా వెలివేసినట్టు చూసేది. అలాంటి ఆవిడ ప్రజానాట్యమండలిలో పాడారు, నాటకాల్లో వేశారు, నగలు పార్టీకి ఇచ్చేశారు. ఈ మొత్తంలో నా కళ్ళు మాటిమాటికీ వెతుక్కున్నది ఆవిడ అమ్మగారు అంజమ్మగారిని. కూతురు ఊళ్ళు తిరుగుతుంటే, తర్వాత రహస్య జీవితంలోకి వెళ్ళిపోతే, మనవల్ని పెంచింది ఆవిడే. ఏ వేదిక మీదా అంజమ్మగారి పేరు పిలిచి ఉండరు. ఆవిడ లేకపోతే కూతురు పాట ఇంటి గుమ్మం దాటేదే కాదని నాకు గట్టిగా అనిపించింది.

1947లో ప్రజానాట్యమండలి వేసిన నాటకం 'మా భూమి'. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు రాశారు. అప్పటికి నైజాం ఇలాకాలో జాగీర్దార్లకీ దేశ్‌ముఖ్‌లకీ ఎదురుతిరిగి తెలంగాణ రైతులు పోరాడుతున్నారు. ఆ సంగతి సరిహద్దు ఇవతల కోస్తా పల్లెల్లో నాటకంగా ఆడింది. ఒకే నాటకాన్ని ఎన్నో దళాలు నేర్చుకుని ఒకేసారి ఎన్నో ఊళ్ళల్లో ఆడాయి. ఇదే పేరుతో 1980లో వచ్చిన సినిమా చాలామందికి గుర్తుండి ఉంటుంది. బి. నర్సింగరావుగారు నిర్మించగా గౌతమ్ ఘోష్ తీశారు. పేరు ఒకటే కానీ ఆ సినిమాకి ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల.

నాటకం అంత బాగా నడిచాక ప్రభుత్వం చూస్తూ ఊరుకోలేదు. 1948లో మద్రాసు ప్రభుత్వం కమ్యూనిస్టుల మీద అణచివేత మొదలుపెట్టింది. 'మా భూమి' ప్రదర్శనని నిషేధించింది. బుర్రకథల మీదా నిషేధం పడింది. అరెస్టులు, దాడులు. కొందరు జైలుకి, కొందరు అజ్ఞాతంలోకి. 1943 నుంచి 1948 దాకా, లెక్కపెడితే ఐదేళ్ళు. ప్రజానాట్యమండలి తర్వాత మళ్ళీ లేచింది, ఆ పేరుతో ఇప్పటికీ దళాలు పాడుతున్నాయి. కానీ ఆ మొదటి ఐదేళ్ళ ఊపు వేరు.

దళాలు చెదిరిపోయాక ఎవరి దారి వాళ్ళు వెతుక్కోవాల్సి వచ్చింది. చాలామందికి దొరికిన దారి మద్రాసు రైలు. మనం పాత సినిమాల్లో చూసి నవ్విన అల్లు రామలింగయ్యగారు, రాజులు జమీందార్ల వేషాల్లో చూసిన మిక్కిలినేనిగారు, దర్శకుడు తాతినేని ప్రకాశరావుగారు, అందరూ అక్కడినుంచి వచ్చినవాళ్ళే. ప్రకాశరావుగారు 1952లో తీసిన 'పల్లెటూరు' చూస్తే ఆ వాసన తెలుస్తుంది. రాజారావుగారు 1953లో 'పుట్టిల్లు' తీశారు. జమునగారికి అదే మొదటి సినిమా. అది పెద్దగా ఆడలేదు. ఒక తరం నటుల్ని తయారుచేసిన ఆ డాక్టరుగారు 1963లో, యాభై ఏళ్ళు నిండకుండానే పోయారు. మిక్కిలినేనిగారు మాత్రం నటిస్తూనే ఇంకో మంచి పని చేశారు. తెలుగువారి జానపద కళారూపాల గురించి పెద్ద పుస్తకమే రాసిపెట్టారు. మా బి.ఏ. పాఠంలో ఆ ఒక్క పేజీ వెనక అలాంటి వాళ్ళ శ్రమ ఉంది.

నాజర్‌గారు సినిమాల్లోనూ బుర్రకథ చెప్పారు. 1954 నాటి 'అగ్గిరాముడు'లో ఆయన చెప్పిన అల్లూరి సీతారామరాజు కథ ఇప్పటికీ యూట్యూబ్‌లో దొరుకుతుంది. మీ పిల్లలకి ఒక్కసారి చూపించండి. నేను మా వాళ్ళకి చూపిస్తే మొదట ఫోన్లు వదల్లేదు, గుమ్మెట దరువు ఎక్కేసరికి చిన్నవాడు తలెత్తాడు. నాజర్‌గారు మద్రాసులో స్థిరపడలేదు. మళ్ళీ ఊళ్ళకే వచ్చి కథలు చెప్పుకున్నారు, శిష్యుల్ని తయారుచేశారు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో చనిపోయారు. బిరుదులు, సన్మానాలు, శాలువాలు చాలానే వచ్చాయి. శాలువా కప్పుకోవడానికి బాగుంటుంది కానీ, ఇంట్లో బియ్యం డబ్బాలోకి రాదు కదా. ఆయన పుస్తకం చదివితే ఆ తేడా తెలుస్తుంది.

కోటేశ్వరమ్మగారికి మద్రాసు రైలు కూడా లేదు. అజ్ఞాతం ముగిసి బయటికి వచ్చాక భర్త కుటుంబాన్ని వదిలి వెళ్ళిపోయారు. అప్పటికి ఆవిడకి ముప్ఫై అయిదేళ్ళు. చేతిలో డబ్బు లేదు, పట్టా లేదు. నగలు ఎప్పుడో ఇచ్చేశారు. ఆ వయసులో హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివారు. అక్కడ ఇచ్చే కొద్దిపాటి స్టైపెండులోంచే ఇంటికి పంపేవారు. తర్వాత కాకినాడలో మహిళా పాలిటెక్నిక్ హాస్టల్లో మేట్రన్‌గా ఉద్యోగం. ఊరూరా పాడిన గొంతు, హాస్టల్లో ఆడపిల్లలు తిన్నారా లేదా అని కనుక్కునే గొంతు అయింది. కొడుకు ఉద్యమంలోకి వెళ్ళి తిరిగి రాలేదు. డాక్టరైన కూతుర్నీ పోగొట్టుకున్నారు. మనవరాళ్ళని తనే చూసుకున్నారు. ఇన్నీ జరిగాక, 90 దాటిన వయసులో, 2012లో ఆ పుస్తకం వచ్చింది. 2018లో, నూరేళ్ళు నిండాక, విశాఖపట్నంలో కన్నుమూశారు.

ఆ పుస్తకంలో నన్ను ఆశ్చర్యపరిచింది ఆవిడ కోపం తక్కువగా ఉండటం. ఎవరికి ఏం ఇచ్చాను, ఎవరు ఏం తీసుకున్నారు అనే లెక్కలు లేవు. పాడిన రోజుల గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆ వాక్యాలు వేరే చురుకుతో ఉంటాయి. అన్నీ పోయినా ఆ రోజులు ఆవిడవే. ఎవరూ తీసుకోలేకపోయారు. ఇక్కడ నాకు ఒక సందేహం వచ్చింది, మీకూ రావచ్చు. ఇంత కష్టం పడ్డాక, ఆ పాట వల్ల ఏం మిగిలినట్టు? భర్తని, పిల్లల్ని, ఇల్లుని నిలబెట్టుకుని ఉంటే సుఖంగా ఉండేవారు కదా అని మనలాంటి వాళ్ళం అనుకోవడం సహజం. నేను రెండు మూడు రోజులు ఆలోచించాను. చిన్నప్పుడే వితంతువైన ఆ పిల్లకి ఆనాటి ఊరు ఇచ్చిన సుఖం ఏమిటి? తెల్లచీర, వెనక గది. ఆవిడకి వేరే సుఖమైన దారి ఒకటి ఉండి దాన్ని కాదనుకున్నారనేది మన ఊహే. పాట ఆవిడని ఆ గదిలోంచి బయటికి తెచ్చింది. బయటికి వచ్చాక దెబ్బలు తగిలాయి. తగిలిన దెబ్బలకి పాటని తప్పు పట్టలేం. ఆవిడని ఒంటరిగా వదిలేసిన వాళ్ళని అడగాలి ఆ ప్రశ్న. పార్టీ అయినా కుటుంబం అయినా, మనిషి నగలు తీసుకునేటప్పుడు చూపిన చొరవ, ఆ మనిషి బతుకు చూసుకునే దగ్గర చూపించాలి.

తర్వాతి తరాల్లో ఆ దారి ఆగలేదు. 1972లో జననాట్యమండలి వచ్చింది. గద్దర్‌గారు మొదట్లో బుర్రకథ చెప్పినవారే. గోచీ, గొంగళి, కాలికి గజ్జె, చేతిలో కర్రతో ఆయన నిలబడిన తీరులో పాత కథకుడి అడుగు కనిపిస్తుంది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం సభలు చూసినవాళ్ళకి ఈ మాట వివరించక్కర్లేదు. వాళ్ళ రాజకీయాలతో మనం ఏకీభవించవచ్చు, మానవచ్చు. కానీ పాట విని జనం కదలడం మన దగ్గర ఎక్కడ మొదలైందని అడిగితే ఆ పెట్రోమాక్స్ వెలుగు దగ్గరికి ఒకసారి వెళ్ళాల్సిందే.

మన ఇళ్ళల్లో 85, 90 దాటిన పెద్దవాళ్ళు ఇంకా కొద్దిమంది ఉన్నారు. ఆ రోజుల్లో వాళ్ళు చిన్నపిల్లలు. బుర్రకథ ఎక్కడ చూశారు, ఎవరు చెప్పారు, ఆ రాత్రి ఆ దళానికి భోజనం ఎవరింట్లో పెట్టారు అని అడిగి చూడండి. మొదటి రెండు ప్రశ్నలకి జవాబు పుస్తకాల్లో కూడా దొరకొచ్చు. మూడోది మాత్రం వాళ్ళే చెప్పాలి. చెబితే ఒక కాగితం మీద ఆ ఇల్లాలి పేరుతో సహా రాసి పెట్టుకోండి.